మింగించని మాత్రలు

కాదమ్మా బొనారియా, "చచ్చి పుట్టాయి" అని రాయకు. గొర్రెపిల్లలు బతికే పుట్టాయి. కళ్ళు తెరిచాయి, పాలు కూడా తాగాయి. వెనక కాళ్ళే నిలబడలేదు. తాత చెప్పినట్టే రాయి.

మొదట్నించీ చెప్తాను, నెమ్మదిగా రాసుకో.

రెండేళ్ళ కిందట మన ఆవుల కొట్టంలో మిగిలిన ఉప్పు దిమ్మ తీసుకెళ్ళి చూడి గొర్రెల ముందు పెట్టాను. నాకితే పిల్లలు గట్టిగా పుడతాయనుకున్నాను. ఆవులకని అందులో కలిపిన రాగి గొర్రెకి విషమని నాకు తెలీదు. కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం కాఫీ రంగులో పోశాయి. నలభై ఒక్క గొర్రెలు కడుపులో పిల్లలతో సహా పోయాయి.

ఆ ఆదివారం కొండ మీది కాపర్లంతా వచ్చారు. మంద పోయినవాడికి ఇంటికో గొర్రె ఇవ్వడం మనలో ఉన్నదే. వయసులో ఉన్నది, పళ్ళు బాగున్నది ఇస్తారు. కుంటిది ఇవ్వరు. ముప్ఫై నాలుగు గొర్రెలు, ఒక్కోదాని చెవికి ఒక్కో ఇంటి గాటు. గొనారియో తన గొర్రెని నా చేతికిస్తూ, "ఒరేయ్ బాకీస్, దీన్నీ చంపావంటే ఇక మిగిలింది మా ఆవిడే. తోలుకొచ్చి నీ దొడ్లో కట్టేస్తా, నీ ఇష్టం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పోయినేడు పిల్లలు బాగానే పుట్టాయి. ఈ ఏడు సెప్టెంబరులో మీ మేనత్త అన్నెద్ద వచ్చి గొర్రెలకి రక్తం తీసుకెళ్ళింది. పశువుల డాక్టరు దగ్గర పని కదా దానిది. వారం తర్వాత ఓ పెట్టె పట్టుకొచ్చింది.

"నాన్నా, వీటి ఒంట్లో రాగి తక్కువైంది. చూడి మూడో నెల దాటకముందే తలా ఒక మాత్ర మింగించాలి. లేకపోతే పిల్లలకి నడుము నిలబడదు."

"రాగి మాత్రా? మతి పోయిందటే నీకు? రాగితోనే కదా మంద ఊడ్చుకుపోయింది!"

"అప్పుడు ఎక్కువై పోయాయి. ఇప్పుడు తక్కువైంది. ఆవు తిండి గొర్రెకి పెట్టింది నువ్వు, నేను కాదు. ఇవి గొర్రె బరువుకి లెక్కేసి తెచ్చినవి."

"బయల్దేరింది పెద్ద డాక్టరమ్మ!"

"డాక్టరమ్మని కాదులే, నీ కూతుర్ని. అందుకే ఇంత మొండిదాన్ని. నువ్వు వేస్తావా, నన్ను వెయ్యమంటావా?"

"నేనే వేస్తాలే, వెళ్ళు."

మర్నాడు గొనారియో ఇచ్చిన గొర్రెని మోకాళ్ళ మధ్య ఇరికించి నోరు తెరిచాను. మాత్ర వేళ్ళ మధ్య ఉంది. దాని చెవి గాటు కనబడింది. నేను కొనుక్కున్నదైతే వేసేసేవాణ్ణి. ఒకళ్ళు తమ మందలోంచి తీసి ఇచ్చినదానికి ఈ చేత్తో మళ్ళీ రాగి పెట్టలేకపోయాను. నోరు మూసి వదిలేశాను. పెట్టె జున్ను గదిలో పై అరలో పెట్టాను.

సాయంత్రం అన్నెద్ద ఫోన్ చేసింది. "వేశావా నాన్నా?"

"వేశాను" అన్నాను.

నవంబరు ఆఖర్న ఈతలు మొదలయ్యాయి. పుట్టిన పిల్లల్లో పందొమ్మిది వెనక్కి ఊగిపోయి, కుక్కల్లా కూర్చుండిపోయాయి. లేపి నిలబెడితే మళ్ళీ కూర్చున్నాయి. అన్నెద్ద వచ్చి ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు పట్టి చూసింది.

"అన్నిటికీ వేశావు కదా నాన్నా? ఒక్కటీ వదల్లేదు కదా?"

"అన్నిటికీ వేశాను."

"అయితే మోతాదు నేనే తప్పుగా లెక్కేశాను" అంది. "నువ్వు వద్దంటూనే ఉన్నావు. నేనే పట్టుబట్టాను."

అప్పుడు నేను పాలు పితుకుతున్నాను. ఆపలేదు. ఆ గొర్రె అయ్యాక ఇంకో గొర్రె దగ్గర కూర్చున్నాను. అన్నెద్ద వెళ్ళిపోయింది.

ఆ పందొమ్మిదింటినీ నేనే కోశాను, రోజుకి రెండో మూడో. ఏడుపు రాలేదు. ఇప్పుడూ రావట్లేదు. రొట్టె తింటున్నాను, పడుకుంటున్నాను, పొద్దున్నే లేస్తున్నాను.

అన్నెద్ద పని మానేసిందట. ఇంకెవరి గొర్రెలూ ముట్టుకోనని డాక్టరుతో చెప్పిందట. నేను ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. ఎత్తినా ఆ మాట నా నోట్లోంచి వస్తుందో రాదో.

పోయినేడు పుట్టిన పన్నెండు పడుచు గొర్రెలు ఇప్పుడు చూడివి. మార్చిలో ఈనుతాయి. మాత్ర వెయ్యాల్సింది ఈ వారమే. అన్నెద్దే వచ్చి తన చేత్తో వెయ్యాలి. నేను గొర్రెల్ని పట్టుకుంటాను, అంతే.

ఇది పట్టుకుని రేపు పొద్దున బస్సుకి అన్నెద్ద ఉండే నువోరో వెళ్ళు. ఫోన్లో చెప్పకు, ఎదురుగా కూర్చుని మీ మేనత్తకి చదువు. తలుపు తియ్యకపోతే బయటే నిలబడి గట్టిగా చదువు. నేను మాత్రలు వెయ్యలేదన్న చోటు రెండుసార్లు చదువు.