రేకు చుట్టిన ఇప్పమొక్క

గనులొచ్చాక ఊళ్లో పిట్టలు పోయాయని కిరండూల్ వ్యాపారులంతా తలా ఒక అడవి మొక్క నాటారు. టైర్ల కొట్టు తాతబాబు ఇప్పమొక్క నాటి, పక్కన తన పేరుతో నిలువెత్తు రేకు బోర్డు పాతాడు. కంచె మాత్రం వేయలేదు. సోకంతా బోర్డుకే! వారం తిరక్కుండా మేకలు చిగురు కొరికేశాయి.

ఎదురుగా టీ కాచే గంగారత్నం నవ్వింది. "ఏటి తాతబాబన్నా, మేకలు నీ పేరు సదివి దండమెట్టి ఎల్తాయనుకున్నావా?"

"బతుకుతాదంటావా?"

"మొక్క ఏరు బాగానే ఉంది. మళ్లీ కొరికితే మాత్రం సచ్చిపోద్ది."

తాతబాబు బోర్డు వంక చూశాడు. దాన్ని పీకి, గుండ్రంగా వంచి, మొక్క చుట్టూ పాతాడు. పేరు లోపలికి పోయింది. బయటికి వట్టి రేకే కనబడుతోంది.

"మరి నీ పేరెవరు సూత్తారన్నా?"

"చిగురేస్తే అదే సూత్తాది. ఓ టీ పొయ్."