గేటు కాడి ఎత్తు స్టూలు

“వచ్చినవాళ్లందరినీ వెయిట్ చేయించు ఖాసిం!” అన్నాడు ఫోనులో ఆఫీసరు. పక్కనే లారీ హారన్ మోగుతోంది. ఖాసిం చెవిన పడింది ‘వెయిట్’ ఒక్కటే. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ మాటకు ఒకటే అర్థం, కాంటా! ఇంకేముంది, ఇంటర్వ్యూకు వచ్చిన మగవాళ్లందరినీ తీసుకెళ్లి లారీలు తూచే కాంటా మీద నిలబెట్టాడు.

“ఏంది చాచా, బరువును బట్టి జీతమిస్తరా?” అన్నాడు లచ్చయ్య పొట్ట బిగబట్టి.

“నౌకరంటేనే బరువు బిడ్డా. నిలబడు.”

గేటు కాపలాదారు ఖాసిం తాటిచెట్టంత మనిషి. లారీ క్యాబిన్‌లోకి సూటిగా చూడాలని స్టూలు కూడా ఎత్తుగా చేయించుకున్నాడు. ఫ్యాక్టరీకి పునాది తవ్విననాటి నుంచీ కనుబొమ్మల మీద అదే బూడిదరంగు దుమ్ము. “జర సంభాళించి తానం చెయ్, గడ్డకడ్తవ్!” అంటుంది భార్య అజీజా బేగం రోజూ. ఇవాళ్టితో ఆయన నౌకరీ ఖతం. సాయంత్రం బస్సుకే భార్యతో నల్లగొండలోని కూతురింటికి ప్రయాణం. వీళ్లంతా వచ్చింది ఆయన స్థానానికే.

ఆడమనిషి జానమ్మ ఒక్కతే. సున్నపురాయి గనికింద ఆమె చేను పోయింది. ఇంటికో ఉద్యోగమన్నారు. అది వచ్చేలోగా మగడు పోయాడు. గేటు బయట డ్రైవర్లకు జొన్నరొట్టెలు చేసిపెట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. రోడ్డు వెడల్పు చేస్తే ఆ పొయ్యీ లేచిపోతుంది. ఈ నౌకరీ రాకుంటే మేస్త్రీ వెంట బొంబాయి పోవుడే.

ఆడమనిషిని తూచడమేమిటని ఖాసిం ఆమెను తన స్టూలు మీద కూర్చోబెట్టాడు. కాళ్లు నేలకందక గాలిలో ఊగాయి.

ఇంతలో ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. పేరుకు పర్సనల్ ఆఫీసరే గానీ, వచ్చి నెలే కావడంతో పర్సనల్‌గా ఎవరూ తెలియదు. కాంటా మీది జనాన్ని చూసి తల పట్టుకున్నాడు. తర్వాత జానమ్మ కేసి తిరిగాడు.

“నువ్వెందుకమ్మా వచ్చావు? డ్రైవర్లు ఆడవాళ్ల మాట వింటారా?”

జానమ్మ నోరు తెరిచేలోగా లోపలి నుంచి డ్రైవర్ గోపయ్య లారీ హారన్ మోగిస్తూ దూసుకొచ్చింది. మగవాళ్లు తలో పక్కకూ తప్పుకున్నారు. జానమ్మ స్టూలు మీంచి దూకి, గేటుకు అడ్డంగా నిలబడింది.

“గోపన్నా, చిట్టీ సూపి పో.”

“మల్లొచ్చినప్పుడు సూపిస్త, జల్దున్నది!”

“పొద్దుగాల నా రొట్టె తినేటప్పుడు లేదేం జల్ది? దిగు!”

గోపయ్య గొణుక్కుంటూనే దిగి లోడు చిట్టీ చూపించాడు. “అక్క చేతి రొట్టె తింటున్న సార్, అక్క మాట దాటుతనా?” అన్నాడు ఆఫీసరుతో.

ఆఫీసరు అందరినీ వరసగా లోపలికి పిలిచి మాట్లాడాడు. మధ్యాహ్నం జానమ్మ పేరే చెప్పారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో ఏడుపుకో, ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం ఖాసింకు దండ వేసి, ఆఫీసరు అందరికీ విప్పి చెప్పాడు: “నేను ఆపమంటే, ఈయన తూచాడు!” షెడ్డు రేకులు ఎగిరేలా నవ్వారు.

“ఆపినా, తూచినా, బరువైన మనిషే దొరికింది గద సార్!” అన్నాడు ఖాసిం.

అందరూ చాయ్‌లో మునిగి ఉండగానే ఆయన బస్సెక్కేశాడు. ఎవరికీ సలామైనా చెప్పలేదు.

జానమ్మ గేటు దగ్గరికి వెళ్లి, పొద్దుటి ఎత్తే అనుకుని ఎగిరి కూర్చోబోయి ఆగింది. స్టూలు నాలుగు కాళ్లూ ఆమె మోకాలి ఎత్తుకు కోసి ఉన్నాయి. కోసిన చోట కట్టె ఇంకా తెల్లగా మెరుస్తోంది.