ఓగూన్ కుండలో మెరిసిన నట్టు

మా బావ గుమెర్సిందో కారు ఇంజన్‌ను ముందుగది దూలానికి గొలుసులతో వేలాడదీసిన రోజు ఇల్లు ఒక పక్కకి ఒరిగి, ఎదురింటి కోళ్లు జారుకుంటూ వచ్చి మా గుమ్మంలో పడ్డాయి. నమ్మకపోతే మా ఊరు బరకోవాలో ఎవరినైనా అడగండి. ఆ కోళ్ల కూర తిన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

ఆ కారు వాళ్ల నాన్న నాటి షెవ్రొలే. రష్యా ట్రాక్టరు పిస్టన్లను అరగదీసి అందులో ఎక్కించాడు బావ. పిస్టన్ రాడ్లను బిగించే నట్లు మాత్రం కొత్తవి, లేతు మీద తనే తిప్పినవి. వాటిని తెల్లగుడ్డలో మూటకట్టాడు. "ఇవి వదులైతే రాడ్డు ఇంజన్ పొట్ట చీల్చుకుని బయటికొస్తుందిరా" అనేవాడు. చేతుల వణుకు వల్ల చివరి బిగింపు కొడుకు ఎవెలియోకి అప్పగించాడు.

ఇంజన్ మళ్లీ కారులో కూర్చున్న మర్నాడు పొద్దున ఎవెలియో ప్రయాణికులను ఎక్కించుకుని కొండదారి పట్టాడు. ఆ దారికి ఒక పక్క బండ, ఇంకో పక్క మబ్బు. ఫోను పలకదు.

మేం కాఫీ తాగాం. బావ తలుపు వెనక ఓగూన్ కుండ మీద రమ్ము చిలకరించబోయి ఆగిపోయాడు. ఓగూన్ ఇనుముకి దేవుడు. కుండ నిండా తుప్పు మేకులు, గుర్రపు నాడాలు. వాటి మధ్య ఒక నట్టు తళతళలాడుతోంది.

"ఎనేయిదా! ఇదెవరు వేశారు?"

"నేనే," అంది మా అక్క వంటింట్లోంచి. "పిల్లాడు కొండెక్కుతుంటే మొక్కుకోవద్దూ? మీ మగాళ్లు దేవుడికి కూడా తుప్పే పడేస్తారు. నేను మంచిది ఏరి వేశా."

"ఎక్కణ్ణించి?"

"ఆ తెల్లగుడ్డలోంచి."

బావ మొహాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"మరి దీని చోట వాడేం బిగించినట్టు?" అన్నాను.

"పాతదేదో దొరకబుచ్చుకుని ఉంటాడు. నేను తిడతానని చెప్పలేదు," అన్నాడు బావ.

బావ నట్టు తీయబోతే అక్క అడ్డంపడింది. "ఇచ్చిన ఇనుము ఉత్తచేతుల్తో లాక్కుంటావా? నా బిడ్డ కొండ మీదున్నాడు! బదులు పెట్టు. నీకు ప్రాణమైంది పెట్టు."

బావ నడుముకున్న స్పానర్ తీసి, కళ్లకద్దుకుని కుండలో వేశాడు. అది వాళ్ల నాన్నది.

నట్టు తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. ఇద్దరం నా మోటారుసైకిలెక్కాం. ఎప్పుడూ "మెల్లగా రా, చంపేస్తావా" అనే మనిషి వీపు మీద గుద్దుతూ "తొక్కరా ముసలోడా!" అన్నాడు. ప్రతి మలుపుకీ ఒక కోత కోసే నేను ఆ రోజు మలుపులు లెక్కపెట్టుకుంటూ పోయాను.

ఒక మలుపులో రోడ్డు మీద నల్లటి నూనె చార కనిపించింది. అది తిన్నగా విరిగిన అడ్డుగోడ దాకా పోయింది.

"నువ్వు చూడు," అన్నాడు బావ. "నావల్ల కాదు."

బోర్లా పడుకుని లోయలోకి తొంగిచూశాను. మబ్బు విడిపోయేదాకా ఊపిరి తీసుకోలేదు. కింద అరటి చెట్లు. అంతే. చారను వేలితో గీకాను. ఎండి పొలుసులూడింది.

"పాతది, బావా."

బావ కూలబడ్డాడు. మళ్లీ లేవదీయడానికి నా నడుం విరిగింది.

రెండు మలుపులవతల కారు ఆగి ఉంది. ప్రయాణికులు బండ మీద కూర్చుని కొబ్బరిమిఠాయి తింటూ ఎవెలియోని తిడుతున్నారు.

"ఇంజన్ లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు చప్పుడు, నాన్నా. ఆపేశా."

బావ వాడి చెంపలు తడుముతూ ఉండిపోయాడు. గుప్పిట విప్పితే అరచేతిలో నట్టు అచ్చుపడి ఉంది.

"హమ్మయ్య! స్పానర్ ఇటివ్వు. దీనికి తాతదొక్కటే కదా పట్టేది," అన్నాడు ఎవెలియో.

బావ నా వైపు చూశాడు. నేను మబ్బు వైపు చూశాను.

చివరికి ఏనుగులంతేసి ఎడ్లను కట్టి కారును కిందికి దించాం. బావ దారిపొడుగునా బోనెట్ మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆ స్పానర్ ఇంకా కుండలోనే ఉంది. దాన్ని తీసే ధైర్యం ఎవరికీ లేదు. బావ ఇనుపముక్క అరగదీసి ఇంకోటి చేసుకున్నాడు. ఇప్పటికీ ఎవెలియో కొండెక్కాలంటే, ముందు బావ వంగి ఆ కుండలోకి చూస్తాడు, మెరిసేదేమైనా ఉందేమోనని.