ఆరో డ్రమ్ము

మొదటి డ్రమ్ములోకి గడ్డపార దిగినప్పుడు సుజిత్ చేతులు వణకలేదు. అది అతనికే వింతగా తోచింది. నీలం ప్లాస్టిక్ ఒక్క క్షణం లోపలికి వంగింది, తర్వాత పగిలింది. మంచినీళ్లు ధారగా చిమ్మి, ఒర్లియంపేట సందులో మోకాళ్లపైదాకా నిలిచిన మురికినీటిలో కలిసిపోయాయి.

"అయ్యయ్యో, నీళ్లు పోతా ఉండాయి! పట్టుకోండిరా వాణ్ణి!" మిద్దెమీది నుంచి ఎవరో ఆడమనిషి కేకపెట్టింది.

తుఫాను పోయి మూడు రోజులైంది. కరెంటు లేదు. మిద్దెల మీది ట్యాంకులు అడుగంటాయి. నేలకింది సంపుల్లోకి సైడుకాలువ మురుగు దూరింది. ఆ ఉదయం పెద్దరోడ్డు మలుపులో, కాస్త మెరకమీద, మంచినీళ్ల లారీ వచ్చి ఆగింది. సందులోకి రాలేనంది. జనం చేతికందిన డ్రమ్మునల్లా అక్కడికి తోసుకుపోయారు. నిండిన డ్రమ్మును నలుగురు కలిసినా ఎత్తలేరు గానీ, మూత బిగించి వరదనీటిలో వదిలితే అది ముప్పావు మునిగి, పలుపు కట్టిన దూడలాగా వెంట వస్తుంది. ఆడవాళ్లే తాళ్లు నడుముకు చుట్టుకుని లాక్కొచ్చారు. ఆరు డ్రమ్ములు. ఆరు గుమ్మాల ముందు కట్టేశారు.

ఆ డ్రమ్ములు సుజిత్‌వి.

ఫ్యాక్టరీలు వాడి వదిలేసిన పీపాలు కొని, కడిగి అమ్మడం అతని తండ్రి అశ్వత్థనారాయణ నాటి నుంచి వస్తున్న వ్యాపారం. మామిడిగుజ్జు వచ్చినవి నీళ్లకు పనికొస్తాయి. పురుగుమందు వచ్చినవి ఎన్నిసార్లు కడిగినా పనికిరావు. వాటిమీద ఎర్రపెయింటుతో అడ్డంగా కొట్టేసి, సందు చివరి గోడౌన్‌లో ఒక మూలకు నెట్టేవారు. ఆయుధపూజకు తల్లి హేమావతి గోడౌన్ కడిగించింది. పూజనాడు సరుకు మీద కొట్టివేతలు ఉంటే అరిష్టమని కిరసనాయిలు గుడ్డతో ఆ గీతలన్నీ తుడిపించింది. అన్ని డ్రమ్ములనూ ఒక్క వరసన నిలబెట్టి, అన్నింటికీ ఒకే రకంగా గంధం పూసి కుంకుమ పెట్టింది. సుజిత్ చూశాడు. మళ్లీ గీస్తాంలే అనుకున్నాడు.

తుఫాను వచ్చే ముందురోజు ఎదురింటి ఏలుమలై సుజిత్ అంగడి దగ్గర ఆటో ఆపాడు. "అన్నా, ఒక డ్రమ్ము ఇయ్యి. నా పెండ్లాం కవిప్రియది పచ్చి బాలింత ఒళ్లు. బిడ్డకి పాలపొడి కలిపే నీళ్లయినా పట్టి పెట్టుకోవాల."

"స్టాక్ లేదురా."

విషపు డ్రమ్ములు ఇళ్ల నడుమ పెట్టుకున్నానని, అందులో ఏది ఏదో తనకే తెలియదని చెప్పడం కన్నా ఆ మాట తేలిక. ఏలుమలై నమ్మి వెళ్లిపోయాడు. మర్నాడు గాలి గోడౌన్ తలుపు పీకేసింది. లేదన్న స్టాకు సందంతా తేలింది.

అందుకే ఈ ఉదయం అతను గుమ్మంలో నిలబడి "తాగొద్దండి! దాంట్లో పురుగుమందు ఉండింది!" అని అరిస్తే ఎవరూ బెదరలేదు.

"ఏందప్పా అంగడి మొదలాళీ," అన్నాడు తాపీపని చేసే వేల్మురుగన్, తన డ్రమ్ము మీద చెయ్యేసి. "మొన్న డ్రమ్మే లేదంటివి. ఈరోజు డ్రమ్ముండాది, లోపల మందు గూడా ఉండాదా?"

"అన్నిట్లో కాదు. కొన్నిట్లో."

"యా కొన్నిట్లో?"

"తెలీదు."

"తెలీదంట! పెండ్లాం పేరు తెలీదన్నట్టుండాది!" సందంతా నవ్వింది. మూడు రోజులుగా నవ్వని మనుషులు కడుపారా నవ్వారు.

మూత తీసి వాసన చూస్తే తెలుస్తుందేమోనని సుజిత్ ఒకదాని మీదికి వంగాడు. కుళ్లు, డీజిలు, చచ్చిన ఎలుకల కంపు. మూడు రోజులుగా అదే పీల్చి అతని ముక్కు మొద్దుబారిపోయింది. వెనక ఇంకా నవ్వుతున్నారు. అప్పుడు లోపలికి వెళ్లి గడ్డపార తెచ్చాడు.

రెండో డ్రమ్ముకు అడ్డం వచ్చినవాళ్లు లేరు. మూడోది వేల్మురుగన్‌ది. అతను గడ్డపార కొస పట్టుకుని గుంజాడు. సుజిత్ వదల్లేదు. ముందుకు తోశాడు. ఇనుము మొద్దుకొన దవడకు తగిలి, ఎండుకొబ్బరి విరిగిన చప్పుడైంది. వేల్మురుగన్ నోటి నుంచి నెత్తురు, దానితో ఒక పన్ను, నీళ్లలో పడ్డాయి. అతను పన్ను కోసం నీళ్లలో చేతులు పెట్టి వెతకసాగాడు. సుజిత్ అతని పక్కనుంచే వెళ్లి డ్రమ్మును పొడిచాడు.

ప్రాణాలు కాపాడుతున్నాను అని తనలో తను చెప్పుకుంటూనే ఉన్నాడు. కానీ మాట ఒకచోట ఉంది, చేతులు ఇంకొకచోట ఉన్నాయి. చేతులకు కారణం అక్కర్లేదు. ఇనుము దిగే ముందు ప్లాస్టిక్ ఇచ్చే ఆ చిన్న ప్రతిఘటన వాటికి కావాలి. నాలుగో డ్రమ్ము దగ్గర ఆ సంగతి స్పష్టంగా గమనించాడు. గమనించినందువల్ల చేతులు ఆగలేదు. ఎవరో విసిరిన ఇటుకముక్క నుదురు చీల్చింది. ఒక కంటికి నెత్తురు అడ్డం పడింది. రెండో కన్నుతో ఐదో డ్రమ్మును వెతుక్కుని పొడిచాడు.

"నేనేరా తుడిపించింది!" హేమావతి మెట్లమీద నిలబడి గుండెలు బాదుకుంటోంది. "వాడు అబద్ధం చెప్పలా! నన్ను కొట్టండి!"

"అమ్మా కొడుకూ బలే నేర్చుకోనుండారు," అంది ఒకావిడ. "సందుని ఎండగట్టి చంపేదానికి."

ఆరోది ఏలుమలై గుమ్మం స్తంభానికి కట్టి ఉంది. గడపలో అతని తల్లి అంబుజం చెంబుతో నిలబడింది. లోపల బిడ్డ ఏడుస్తోంది. పసిబిడ్డ ఏడుపులా లేదు, పిల్లి గొంతులా సన్నగా, ఎండిపోయి వస్తోంది.

ఏలుమలై డ్రమ్మును రెండు చేతులా కావలించుకున్నాడు. "అన్నా, దీన్ని తాకితే చంపేస్తా. సత్యంగా చెప్తా ఉండా."

"జరుగురా."

జరగలేదు. సుజిత్ గడ్డపార ఎత్తేసరికి ఏలుమలై తల వంచి అతని పొట్టలో కుమ్మాడు. ఇద్దరూ మురికినీటిలో పడ్డారు. గడ్డపార ఎక్కడో జారిపోయింది. ఏలుమలై గోళ్లు సుజిత్ చెంపను గీరాయి. సుజిత్ అతని బొటనవేలిని కొరికాడు, నోట్లో ఉప్పు తగిలేదాకా. తర్వాత ఎలా జరిగిందో తెలియదు, ఏలుమలై తల నీళ్లకింద ఉంది, తన మోకాలు అతని రొమ్ముమీద ఉంది, తన రెండు చేతులు అతని మెడమీద ఉన్నాయి.

బుడగలు వచ్చాయి. వేళ్లకింద నరం కొట్టుకుంటోంది.

ఇది డ్రమ్ము కాదు, అనుకున్నాడు సుజిత్. ఎంతో తీరిగ్గా అనుకున్నాడు. మొన్న స్టాక్ లేదంటే వీడొక్క మాట ఎదురడగలేదు. అడిగి ఉంటే, తిట్టి ఉంటే, గోడౌన్ తలుపు తియ్యమని ఉంటే చెప్పేసేవాణ్ణేమో. నమ్మేశాడు. నమ్మినందుకే వీణ్ణి ముంచుతున్నాను.

ఆ తెలివితో చేతులు వదలాలి. వదల్లేదు. ఎవరో కొట్టిన చెక్కపలక వీపుమీద విరిగినప్పుడు వదిలాయి.

నలుగురు అతన్ని లేపి రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఏలుమలై స్తంభాన్ని పట్టుకుని నల్లటి నీళ్లు కక్కాడు. ఎవరో సుజిత్ డొక్కలో తన్నారు. మళ్లీ తన్నారు. ఒకరు విసుగుపడితే ఇంకొకరు అందుకున్నారు.

అంబుజం డ్రమ్ము మూత తీసింది.

"విషమంటాడు గదా, వాణ్ణే తాగమనండి," అంది. గొంతులో కోపం లేదు, వంట రుచి చూడమన్నట్టు అంది.

జుట్టు పట్టి అతని తలను డ్రమ్ములోకి ముంచారు. చల్లగా ఉంది. మొదట నోరు బిగించాడు. ఊపిరాడక తెరిచాడు. నీళ్లు గొంతులోకి, ముక్కులోకి దిగాయి. పైకి తీసి, దగ్గనిచ్చి, మళ్లీ ముంచారు. మూడోసారికి అతనే మింగాడు. దాహంగా ఉంది. అంత దెబ్బల మధ్య శరీరం ఆ నీళ్లను ఇష్టంగా తాగింది. అందుకు అతనికి సిగ్గేసింది.

తర్వాత మెట్టుమీద కూర్చోబెట్టారు. సందంతా చుట్టూ నిలబడింది. అందరూ అతని ముఖంలోకి చూస్తున్నారు. వేల్మురుగన్ కూడా, దవడకు తువ్వాలు కట్టుకుని. అప్పుడు సుజిత్‌కు అర్థమైంది: వీళ్లు నన్ను చూస్తున్నంతసేపు ఎవరూ ఆ నీళ్లు తాగరు. పొద్దుటి నుంచి తను కోరింది అదే.

"ఎట్టుండాది?" అడిగింది అంబుజం.

అతను తన ఒంట్లోకి చూసుకున్నాడు. పక్కటెముకలు నొప్పి, నుదురు నొప్పి. కడుపులో ఏమీ లేదు. మంట లేదు, తిప్పడం లేదు. భయం వేసింది. విషం ఉంటే తను ఈ సందును కాపాడినవాడు. లేకపోతే దప్పికతో ఉన్నవాళ్ల నీళ్లు నేలపాలు చేసి, ఒకడి దవడ పగలగొట్టి, ఇంకొకణ్ణి చంపబోయినవాడు. అంతే. నడుమ ఇంకేమీ లేదు. కడుపు మండాలని, పేగులు తెగాలని అతను ఆశగా ఎదురుచూశాడు. తనలో విషం ఉండాలని ఇంతగా ఎన్నడూ దేన్నీ కోరుకోలేదు.

లోపల బిడ్డ ఏడుపు తగ్గింది. తగ్గడం ఇంకా ఘోరంగా ఉంది.

కవిప్రియ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. చేతిలో పాలసీసా, అడుగున పొడి. "బాగానే ఉండాడు గదత్తా," అంది. "ఇంగ ఎంతసేపు చూస్తారు? బిడ్డ కండ్లు తెరవడం లేదు."

ఏలుమలై, తల్లి చేతిలోని చెంబు తీసుకుని డ్రమ్ములో ముంచాడు. నిండిన చెంబు సీసా మీదికి వంచబోయాడు.

"మండుతా ఉంది," అన్నాడు సుజిత్.

చెంబు ఆగింది. ఏలుమలై దగ్గరికి వచ్చి, వంగి, ఎర్రబడ్డ కళ్లతో అతని కళ్లలోకి చూశాడు. అతని మెడమీద పది వేళ్ల గుర్తులు నల్లగా తేలుతున్నాయి.

"నిజంగానా?"

ఇక్కడ అవునంటే చాలు. నోరు తెరిచాడు.

"తెలీదురా," అన్నాడు సుజిత్. "నాకు తెలీదు. సీసాలో పొయ్యొద్దు."

ఏలుమలై చెంబును గోడకేసి కొట్టాడు. డ్రమ్ము తాడు తెంచి, భుజంతో నెట్టి బోర్లా పడేశాడు. తేటనీళ్లు దబాలున దూకి మురికిలో కలుస్తుంటే కవిప్రియ గోడకు తల కొట్టుకుంది. అతను వెనక్కి తిరిగి సుజిత్ కడుపులో తన్నాడు. బలమంతా కూడదీసుకుని, కాలి మడమతో.

గోడవారన ఉన్న ఖాళీ బిందె భుజానికెత్తుకుని నీళ్లను చీల్చుకుంటూ పెద్దరోడ్డు వైపు పరుగెత్తాడు. లారీ ఇంకా ఉందో లేదో ఎవరికీ తెలియదు.

సుజిత్ మెట్టుమీద ముడుచుకుపోయాడు. ఇప్పుడు కడుపులో మంట మొదలైంది. అది తన్నుదో నీళ్లదో తేల్చుకునే దారి ఇక లేదు.