బండ్లు పోని వంతెన

సంధ్యారాణి టిఫిన్ క్యారియర్ బిగిస్తుండగానే పన్నెండు గంటల సైరన్ మోగింది. "కూసింది, ఇగ కదులు" అంది అత్త సారవ్వ, మంచం మీద నుంచే. ఆ ఇంట్లో గడియారం కంటే గని సైరన్‌కే విలువ.

భర్త రఘుపతి గని వర్క్‌షాపులో ఫిట్టర్. పొద్దున కట్టిన అన్నం చల్లారితే ముద్ద దిగదంటాడు. మామకు తాను పాతికేళ్లు వేడన్నం మోశానని అత్త రోజుకోసారైనా చెబుతుంది. అందుకని ఒంటిగంటకల్లా క్యారియర్ గేటు దగ్గరుండాలి. రోడ్డు చుట్టూ తిరిగితే యాభై నిమిషాల నడక.

దసరాకు ముందు ఊరి నడుమ వాగు మీద నడిచేవాళ్లకని సన్నటి వంతెన వేశారు. బండ్లు పోవు కనుక రఘుపతి అటు తొంగి చూడలేదు. అత్తకేమో మోకాళ్ల నొప్పులు. దాని మీంచి గేటుకు ఇరవై నిమిషాలేనని ఇంట్లో సంధ్యారాణి ఒక్కదానికే తెలుసు. మొదటిరోజు ముందే చేరితే, "గింత జల్దొచ్చినవేంది బిడ్డా, ఇంట్ల పని లేదా?" అని కావలి గట్టయ్య నవ్వాడు. మర్నాటి నుంచి ఆ అరగంట వంతెన నడుమే ఆగుతోంది. క్యారియర్ కాళ్ల దగ్గర పెట్టి, కమ్మీకి మోచేతులు ఆనించి, నీళ్లలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను చూస్తుంది. పెళ్లయిన ఆరేళ్లలో పగటిపూట రెండు చేతులూ ఖాళీగా ఉండడం అక్కడే. అన్నం ఎప్పటిలాగే ఒంటిగంటకు అందుతోంది కదా, ఎవరికీ లోటు లేదు.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి చాయ తాగుతూ రఘుపతి అన్నాడు. "వంతెన మీంచి ఇరవై నిమిషాలేనట, మాతోని పనిచేసే పోశం చెప్పిండు. అరగంట మిగులుతది గద, రేపటి సంది రెండు రొట్టెలు గూడ కాల్చి తే."

తన మోకాళ్లకు నూనె రాయడానికీ వీలవుతుందని అత్త అందుకుంది. అరగంటను ఇద్దరూ పంచేసుకున్నారు. సంధ్యారాణి పోశం మాట అబద్ధమని బొంకుదామనుకుంది. బొంకితే రేపటి నుంచి భయపడుతూ నిలబడాలి. భయపడుతూ చూస్తే కొంగ కూడా బాగుండదు.

గ్లాసులు తీస్తూ నెమ్మదిగా అంది. "అవును, నడుసుడు ఇరవై నిమిషాలే. నిలవడుడు ముప్పై."

రఘుపతి అర్థంకానట్టు చూశాడు. ఆమె గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు రొట్టెలు కాల్చలేదు. సైరన్ మోగగానే చెప్పులు తొడుక్కుంది.

"కూసింది" అంది అత్త. కదలమనలేదు. కోడలు గడప దాటబోతుంటే అడిగింది.

"నువ్వు నిలవడే కాడ నీడున్నదా, బిడ్డా?"