వెంకటరమణయ్య గారింటి కడలి

సర్వజిత్తు సంవత్సరం ఆషాఢమాసంలో ఇంట్లోని ఉప్పునీటి గాజుతొట్టిలో రెండవ రొయ్య కూడా చనిపోయిననాడు రాజ్యలక్ష్మమ్మ భర్తతో తన నిర్ణయం చెప్పింది. నత్తలు పోయినప్పుడు ఊరుకున్నానని, మొదటి రొయ్య పోయినప్పుడూ ఊరుకున్నానని, చీమలకు చక్కెర చల్లే ఇంట్లో ఇన్ని ప్రాణాలు పోతుంటే ఇక చూడలేనని అన్నది. గొడుగువలె నిలిచే ఆ మెత్తని పగడపు జీవి కూడా పోతే తొట్టి ఖాళీ చేసి, మిగిలిన రెండు చేపలను చెన్నైలో కొన్న దుకాణానికే అప్పగించాలి. వెంకటరమణయ్య వాదించలేదు. దేవుని గది గడప దగ్గర నిలబడి అట్లాగే చేస్తానని మాట ఇచ్చాడు.

ఆయనకు కడపలో ఇత్తడి, రాగి పాత్రల అంగడి ఉన్నది. రెండేళ్ల క్రితం రామేశ్వర యాత్రలో, అలలు వెనక్కు తగ్గిన రాళ్ల నడుమ వేళ్లవలె కదిలే జీవాలను చూసి అక్కడే కూర్చుండిపోయాడు. తిరిగి వచ్చిన తరువాత నాలుగడుగుల గాజుతొట్టి, ఉప్పు, దీపాలు తెప్పించి, సముద్రం ఎరుగని ఊళ్లో ఇంత సముద్రాన్ని నిలుపుకొన్నాడు. ప్రతి ఉదయం వరుణుని తలచుకొని ఆవిరైన మేరకు మంచినీరు చేర్చేవాడు. ఇప్పుడా పగడం వేళ్లన్నీ లోపలికి ముడుచుకొని, తోలుముద్దవలె ఒరిగి ఉన్నది.

మాట ఇచ్చిన మరునాడే పరీక్షలు మొదలుపెట్టాడు. ఉప్పుసాంద్రత సరిగానే ఉన్నది. అమోనియా లేదు, నైట్రైటు లేదు. క్షారగుణం కొంత తగ్గితే రెండు రోజుల్లో సరిచేశాడు. అయినా పగడం విచ్చుకోలేదు. అప్పుడొక తెల్లకాగితం తీసుకొని, ఉగాది నుంచి తొట్టి విషయంలో మారినవన్నీ రాశాడు: కొత్త దీపం, వేరే రకం మేత, వేసవిలో కరెంటు పోయిన గంటలు, గోడలకు వేసిన సున్నం. మార్చగలిగినవాటిని ఒక్కొక్కటిగా పాతరీతికి తెచ్చి చూశాడు. పదిరోజులు గడిచాయి. పగడం అంచున నల్లని మచ్చ కనబడింది.

ఆ కాగితం పట్టుకొని పక్కింటి జ్ఞానరాజు దగ్గరకు వెళ్లాడు. జ్ఞానరాజు కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. ఆయన కాగితం చదివి, చేపలెట్లా ఉన్నాయని అడిగాడు. కులాసాగా తిరుగుతున్నాయని వెంకటరమణయ్య చెప్పాడు.

"ఎముకుండేవి బతుకుతాండాయి, ఎముకలేనివి పోతాండాయి. ఏదో లోహం కలుస్తాండాదప్పా."

తొట్టిలో ఇనుపమేకు కూడా లేదని వెంకటరమణయ్య ప్రమాణం చేశాడు. అయితే నీళ్లు యాడి నుంచి యాడికి వస్తాయో చెప్పమని జ్ఞానరాజు అడిగాడు. బోరునీళ్లలో సున్నం ఎక్కువని యంత్రంలో వడగడతానని, రాత్రంతా గంగాళంలో ఉంచి ఉదయం వాడతానని ఈయన వివరించాడు.

"ఏం గంగాళం?"

"రాగిది. ఉగాదినాడు అంగట్లోంచి కొత్తది తెచ్చినా. అంతకు ముందు ప్లాస్టిక్ బకెట్టుండేది. సముద్రుడికి బకెట్టేందని."

జ్ఞానరాజు కాగితాన్ని మళ్లీ పైనుంచి కింది దాకా చూశాడు. "ఇది రాయలేదే శెట్టీ."

దోషం ఎక్కడుందో వెతుకుతూ రాసిన పట్టికలో శుద్ధికోసం చేసినదాన్ని చేర్చాలని వెంకటరమణయ్యకు తట్టనే లేదు.

అయినా ఆయన ఊహను నమ్మి ఊరుకోలేదు. యంత్రం గొట్టం దగ్గర ఒక సీసా, గంగాళంలోంచి ఒక సీసా నీళ్లు పట్టాడు. జ్ఞానరాజు తన పాత ప్రయోగశాలలో ఒక్కొక్కదాన్ని గాజుపాత్రలో కాచి, లీటరు నీళ్లను అరగ్లాసుకంటే తక్కువకు ఇంకించి, రాగి ఉంటే నీలం తేలుతుందని చెప్పి, అమోనియా చుక్కలు వేశాడు. మొదటిది తేటగా నిలిచింది. రెండవది లేత నీలమైంది. వెంకటరమణయ్య మరొక్కసారి చేయమన్నాడు. రెండవసారీ అదే రంగు. ఖనిజాలు తీసేసిన నీళ్లు లోహాన్ని సులువుగా కరిగిస్తాయని, చింతపండుతో తోమినప్పుడల్లా పాత్ర లోపల కొత్త పొర బయటపడుతుందని, మనిషికి హాని చేయని ఆ కొంచెమే పగడానికి విషమని జ్ఞానరాజు విడమరచి చెప్పాడు.

"ఇంక అంగడి మూసేస్తావా?" అని నవ్వాడు.

"మనుషులకు అమ్ముతా. సముద్రానికి అమ్మను."

ఇంటికి వచ్చి భార్యకు ఏదీ దాచలేదు. చంపింది తన చేయే అని చెప్పాడు. పగడం ఇంకా బతికే ఉందా అని మాత్రం ఆమె అడిగింది.

ఆనాడే కొత్త చిన్న గాజుతొట్టిలో యంత్రపు నీళ్లలో ఉప్పు కలిపి, గాలిపంపు పెట్టి, పగడాన్ని అందులోకి మార్చాడు. ఎండ పెరిగితే గడ్డకట్టిన నీళ్ల సీసాను అందులో తేలవేశాడు. పెద్ద తొట్టిలో రోజు విడిచి రోజు ఐదవవంతు నీళ్లు తోడి కొత్త నీళ్లు పోశాడు. వడపోతలో బొగ్గును వారానికొకసారి మార్చాడు. నడుము పట్టేసిన రోజు రాజ్యలక్ష్మమ్మ కొంగు దోపుకొని ప్లాస్టిక్ బకెట్టు అందుకొన్నది. మడి పట్టింపున్న మనిషి, వంటింట్లోకి ఎన్నడూ రానీయని బకెట్టును తొట్టి దాకా తానే మోసుకొచ్చింది.

పదిహేడవనాడు నల్లమచ్చ ఉన్న అంచు రాలిపోయింది. ఆమె పెదవి కదిపింది గాని తొట్టి ఖాళీ చేయమనలేదు. ఇరవైమూడవనాడు ఉదయం గొడుగు నిటారుగా లేచి, అంచులచుట్టూ సన్నని వేళ్లు బయటికి చాచి ఉన్నది. ఆమె ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా వంగి చూసింది.

"ఇంక చెన్నైకి ఫోన్ చేసి రొయ్యలు పంపమని చెప్తారా?"

"ఇప్పుడే వద్దు. పెద్ద తొట్టి రాళ్లల్లో రాగి ఇంకా ఉండాది. మూడు నెలలు కడిగి, మూడుసార్లు పరీక్ష చేసి, అప్పుడు నిన్నే అడుగుతా."

ఆమె తల ఊపి, ఈరోజు ఎన్ని బకెట్లు తోడాలని అడిగింది.