ఎడమవైపు ముప్పై

"పిచ్చుకా! ఓ పిచ్చుకా! టేపు పట్టుకుని ఎక్కడికి ఎగిరిపోయావే?"

వ్యాను కింద నుంచి నాన్న కేక. ఆయన కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"ఇక్కడే ఉన్నా నాన్నా, జీపు దగ్గర!"

జీపు దగ్గరే ఉంది గానీ ఒక్కచోట లేదు. కుదురుగా నిలబడదనే చిన్నప్పుడు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు నాన్న మెకానిక్కు షెడ్డులో సగం పని తన చేతుల మీదే నడుస్తోంది, అయినా పేరు వదల్లేదు. ఇవాళైతే మరీను. తీసిన పానా మళ్ళీ పెట్టడం, పెట్టినదాన్ని మళ్ళీ వెతుక్కోవడం.

ఆ జీపు సర్వే అబ్బాయిది. కొండ మీద కొత్త రోడ్డు కొలవడానికి రేపు పొద్దున్నే వెళ్ళిపోతున్నాడు, రెండేళ్ళ పాటు. రాళ్ళ దారి కదా అని ఈ షెడ్డులోనే బండి ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించుకున్నాడు. తీరా ఎత్తు పెంచాక వెనక లేచింది, ముందు ముక్కు దించుకుంది. ఇప్పుడు ముందు స్ప్రింగుల నెత్తిన స్పేసర్లు పెట్టి సమం చేయాలి. స్పేసరంటే వింతేమీ కాదు, అరచేయంత నల్లటి గట్టి రబ్బరు చక్రం. పది మిల్లీమీటర్ల మందం ఉంటుంది, ఇరవై ఉంటుంది, ముప్పై ఉంటుంది. ఎంత పెట్టాలో తేల్చడంలోనే ఉంది పనంతా.

ముక్కు దించుకోవడం ఇనుము సంగతి. ఎటో ఒకవైపు వాలడం మాత్రం మనసు సంగతి. ఆ ఊళ్ళో ఏ బండైనా సొంతదారు మనసు ఎటుంటే అటే వంగుతుంది. బేకరీ బాబాయి కూతురు హాస్టలుకి వెళ్ళిన కొత్తలో ఆయన వ్యాను వెనక్కి వాలిపోయి రొట్టెలన్నీ తలుపు దగ్గరికి జారిపోయేవి. నాన్న వెనక స్ప్రింగులకి ఇరవై పెట్టాడు. వ్యాను నిలబడింది, బాబాయీ తేరుకున్నాడు. కానీ ఆదివారం కూతురికి ఫోను చేయడం కూడా మానేశాడని పిన్ని వచ్చి షెడ్డు ఎగిరిపోయేలా దెబ్బలాడింది. "నేను వ్యానుకే పెట్టానమ్మా" అని నాన్న తల గోక్కున్నాడు. బండి సమం అయితే మనసూ సర్దుకుంటుంది. దానికి మెకానిక్కు మాత్రం ఏం చేస్తాడు?

అందుకే షెడ్డుకో పద్ధతి ఉంది. కొలిచేటప్పుడు సామానంతా బండిలోనే ఉండాలి, సొంతదారు సీట్లో కూర్చోవాలి. ఎటు వంగిందో చూడాలి. ఎందుకు వంగిందో అడగకూడదు.

"ఇంకా ఎంతసేపండీ? నేనూ బండిలో ఓ పార్టునైపోయేలా ఉన్నాను" అన్నాడు సర్వే అబ్బాయి స్టీరింగు మీద గడ్డం ఆనించి.

"కదలకండి. మీరు కదిలితే కొలత కదులుతుంది."

"నేనెక్కడ కదిలాను? పొద్దున్నించీ తిరుగుతోంది మీరు!"

పిచ్చుక నవ్వు దాచుకోవడానికి చక్రం పక్కన కూర్చుంది. చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా టేపు పట్టింది. ఎడమ ముందు తక్కువ. కుడి పక్కకి వెళ్ళింది, కుడి ముందు తక్కువ. వెనక్కి వెళ్ళింది, అక్కడా తక్కువే, రెండు వైపులా.

"నాన్నా, నాలుగు మూలలూ దిగిపోయాయి!"

"నాలుగూ ఎలా దిగుతాయే? బండేమన్నా బావిలోకి దిగుతోందా?" అంటూ నాన్న వ్యాను కింద నుంచి పాక్కుంటూ వచ్చి, చేతులు తుడుచుకుని జీపు వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. "టేపు నాకిచ్చి ఆ గ్రైండరు దగ్గరికెళ్ళి నిలబడు."

వెళ్ళింది. జీపు కిర్రుమని గ్రైండరు వైపు వంగింది.

"ఇప్పుడు నీళ్ళ డ్రమ్ము దగ్గరికి."

జీపు మెల్లగా డ్రమ్ము వైపు తిరిగి వాలింది, పక్కింటివాళ్ళ మాటలు వినేవాళ్ళలా.

"మేస్త్రీగారూ, స్ప్రింగులు కొత్తవే కదా? ఊగుతున్నాయేంటి?" అన్నాడు లోపల్నుంచి.

"కొత్తవే బాబూ. కొత్తలో అలాగే ఉంటాయి" అన్నాడు నాన్న.

డ్రమ్ము పక్కన పిచ్చుకకి చెవులు కాలిపోయాయి. లేని చప్పుడు వస్తోందంటూ అతను బండి తీసుకురావడం, బిగిసి ఉన్న నట్టునే తను మళ్ళీ బిగించడం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆకాశంలో మబ్బు కూడా ఆగి తనవైపే వంగి చూస్తున్నట్టనిపించింది.

నాన్న ఆమెని పక్కకి పిలిచి పానాతో కొండని చూపించాడు. "ఆ దారి ఎక్కుతున్నంతసేపూ లోయ ఎడమవైపే. లోయ అడుగున మన ఊరు. ఊళ్ళో నువ్వు."

పిచ్చుకకి అర్థమైంది. ప్రతి మలుపులోనూ జీపు లోయవైపే వాలుతుంది.

"ఎడమకి ఎంత పెట్టాలో నువ్వే చూడు."

"నువ్వు పెట్టు నాన్నా."

"నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు."

"నిన్న సూదిలో దారం ఎక్కించావుగా!"

"అది నిన్న" అని ఆయన టీ కొట్టు వైపు నడిచాడు.

పిచ్చుక అరలోంచి స్పేసర్లు తీసింది. కుడికి ఇరవై, అందులో ఆలోచించేదేం లేదు. ఎడమకి కూడా ఇరవై పెడితే ముక్కు లేస్తుంది, వంపు మిగులుతుంది. ఆ వంపుతోనే అతను వెళ్తాడు, ప్రతి మలుపులోనూ తనే గుర్తొస్తుంది. ఎంత బావుంటుంది! కానీ ప్రతి మలుపులోనూ చక్రం లోయ అంచున నడుస్తుంది. ముప్పై పెడితే క్షేమంగా వెళ్తాడు. తనని మర్చిపోయి వెళ్తాడు.

ఇరవై అరలో పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. చివరికి ముప్పైని ఒడిలో పెట్టుకుని జాకీ ఎక్కించింది. చక్రం విప్పి, షాకబ్సార్బరు కింద బోల్టు ఊడదీసి, యాక్సిలు దించి, స్ప్రింగు బయటికి లాగింది. స్పేసరు స్ప్రింగు నెత్తిన పెడుతుంటే ఊరెళ్ళేవాళ్ళకి టోపీ సర్ది సాగనంపుతున్నట్టు ఏడుపొచ్చింది. కుడివైపూ ముగించి, బంపరు మీద ఎక్కి గట్టిగా ఊపి, స్ప్రింగులు కుదురుకునేలా బండిని ముందుకీ వెనక్కీ నడిపించింది.

అతను మళ్ళీ సీట్లో కూర్చున్నాడు. ఆమె గ్రైండరు దగ్గర నిలబడింది. డ్రమ్ము దగ్గర నిలబడింది. జీపు కదల్లేదు. బల్లలా నిలబడింది.

"బ్రహ్మాండంగా ఉందండీ!" అన్నాడు కిటికీలోంచి. తపాలా కౌంటరులో బిళ్ళలు అమ్మే మనిషిని చూసినట్టు చూశాడు. మర్యాదగా, అంతే.

"ఏమన్నా చప్పుడు వస్తోందా?" అని అడిగింది పిచ్చుక.

"అబ్బే, ఏం లేదండీ. అసలేం లేదు."

తాళం తిప్పాడు. ఇంజను లేచింది. ఎప్పుడూ ఆగని పిచ్చుక కాళ్ళు నేలలో పాతేసినట్టు ఆగిపోయాయి. గేటు దగ్గర నాన్న టీ గ్లాసు ఊదుకుంటూ, ఆ గ్లాసుతోనే చెప్తున్నట్టు అన్నాడు: "అడగకూడదనే పద్ధతి పెట్టాను. చెప్పకూడదని నేనెప్పుడన్నా అన్నానా?"

జీపు గేటు దాకా వచ్చింది. పిచ్చుక పరిగెత్తి కిటికీ అద్దం మీద కొట్టింది, గ్రీజు వేళ్ళ అచ్చు పడేలా. అతను బ్రేకు వేశాడు, ఇంజను ఆపేశాడు.

"ఏమైందండీ? పానా ఏమన్నా లోపల వదిలేశారా?"

"కుడివైపు ఇరవై పెట్టాను. ఎడమవైపు ముప్పై పెట్టాను" అంది. ఊపిరి అందడం లేదు. "ఆ ఎక్కువ పది స్ప్రింగు కోసం కాదు. మీ బండి పొద్దున్నించీ నా వైపే వంగుతోంది. అలాగే పంపిస్తే లోయలో పడతారని భయమేసి నేనే సరిచేశాను. మీకిప్పుడు ఏమీ అనిపించదు, నాకు తెలుసు. అయినా చెప్తున్నాను. నాకు మీరంటే ఇష్టం."